ఆర్‌ఓటీసీ స్కాలర్‌షిప్ ఫారంలో కాలేజీల వరస రాసేముందు

అమెరికాలో ఉంటున్న తెలుగు ఇళ్ళలో పదకొండో తరగతి అయిపోతున్న పిల్లలు ఆర్‌ఓటీసీకి (రిజర్వ్ ఆఫీసర్స్ ట్రైనింగ్ కోర్) అప్లై చేస్తామంటే, తల్లిదండ్రులు ముందు కంగారుపడతారు, తర్వాత ఖర్చు లెక్క చూసి కాస్త ఆలోచిస్తారు. మామూలు యూనివర్సిటీలో మామూలు డిగ్రీ చదువుతూనే ఆఫీసర్ ట్రైనింగ్ తీసుకోవడం, చదువు ఫీజు ప్రభుత్వం కట్టడం, డిగ్రీ పూర్తికాగానే సెకండ్ లెఫ్టినెంట్‌గానో, నేవీ అయితే ఎన్‌సైన్‌గానో ఉద్యోగంలో చేరడం, స్థూలంగా సంగతి ఇదీ. ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ మూడూ విడివిడిగా స్కాలర్‌షిప్‌లు ఇస్తాయి. మెరీన్స్‌లోకి నేవీ ఫారం ద్వారానే వెళ్ళాలి, స్పేస్ ఫోర్స్‌కి ఎయిర్‌ఫోర్స్ ద్వారా. అప్లికేషన్లు పన్నెండో తరగతికి ముందు వేసవికల్లా తెరుచుకుంటాయి, కాబట్టి ఆగస్టులో స్కూలు మొదలయ్యాక తీరిగ్గా చూద్దాం అనుకుంటే వ్యాసాలు, ఇంటర్వ్యూ, ఫిట్‌నెస్ టెస్ట్ అన్నీ ఒకేసారి మీదపడతాయి.

మొదట తేల్చుకోవాల్సింది పౌరసత్వం. స్కాలర్‌షిప్ కాంట్రాక్టు మీద సంతకం పెట్టాలంటే పిల్లలు అమెరికా పౌరులై ఉండాలి. ఇక్కడే పుట్టినవాళ్ళకి తల్లిదండ్రులు హెచ్1బీ మీద ఉన్నా ఇబ్బంది లేదు. హెచ్4 మీద ఉన్న పిల్లలకి ఈ దారి లేదు, గ్రీన్‌కార్డు ఉన్నా చాలదు. ఇది తెలియక పిల్లవాడితో ఆరు నెలలు ఆశపెట్టించడం అన్యాయం.

ఇక అసలు విషయం, కాలేజీల వరస. మనలో చాలామంది ఎంసెట్ వెబ్ ఆప్షన్లు పెట్టిన అనుభవంతో దీన్ని చూస్తారు. అక్కడ వచ్చే అవకాశం లేకపోయినా పెద్ద కాలేజీని పైన పెడితే పోయేదేమీ లేదు, ర్యాంకు చాలకపోతే కిందిది దానంతటదే వస్తుంది, అందుకే "పైన పెట్టి చూద్దాం" అనేది అలవాటైపోయింది. ఆర్‌ఓటీసీ అలా నడవదు. స్కాలర్‌షిప్ ఇచ్చేది సైన్యం, సీటు ఇచ్చేది కాలేజీ, ఈ ఇద్దరూ ఒకరి నిర్ణయం ఒకరు చూసుకుని చెయ్యరు. ఆర్మీ, నేవీ స్కాలర్‌షిప్‌లు ఫలానా కాలేజీకి అని రాసే వస్తాయి. ఆ కాలేజీ మీ అమ్మాయికి సీటివ్వకపోతే స్కాలర్‌షిప్‌ని ఇంకో కాలేజీకి మార్చమని అడుక్కోవాలి, అడిగినచోట ఆ ఏడాదికి ఖాళీ ఉంటేనే మారుస్తారు. ఏప్రిల్ నెలలో ఇంట్లో ఆ టెన్షన్ ఎలా ఉంటుందో అనుభవించినవాళ్ళకి తెలుసు.

ఒక ఉదాహరణ చెప్తాను. టెక్సాస్‌లో ఉంటున్న అమ్మాయి, మెకానికల్ ఇంజనీరింగ్ చదవాలని, నేవీలో చేరాలని ఉంది. నేవీ ఫారంలో అయిదు గళ్ళుంటాయి. మొదటి ఊపులో అమ్మాయి రాసేది ఎంఐటీ, స్టాన్‌ఫర్డ్, కోర్నెల్, రైస్, చివర్న టెక్సాస్ ఏ అండ్ ఎం. ఈ వరస నిలవదు, ఎందుకంటే పై మూడింట్లో కనీసం ఒకటి సొంత రాష్ట్రపు ఫీజు వర్తించే ప్రభుత్వ యూనివర్సిటీ అయి ఉండాలని నేవీ రూలు. దాంతో ఏ అండ్ ఎంని మూడోదిగా జరిపి ఊరుకుంటారు చాలామంది. నన్నడిగితే అదీ చాలదు. క్లాసులో మొదటి 10 శాతంలో ఉంటే టెక్సాస్ చట్టం ప్రకారం ఏ అండ్ ఎంలో సీటు ఖాయం, కానీ ఇంజనీరింగ్‌లో సీటు ఆ చట్టంతో ఖాయం కాదు, అదింకో వడపోత. ఆ సంగతి కూడా తెలుసుకున్నాక ఏ అండ్ ఎం ఒకటి, యూటీ ఆస్టిన్ రెండు, పర్డ్యూ మూడు, వర్జీనియా టెక్ నాలుగు, రైస్ అయిదు, ఇలా రాస్తే స్కాలర్‌షిప్ పడినచోటే సీటు కూడా వచ్చే అవకాశం మొదటి వరసలోకంటే ఎక్కువ. ఎంఐటీకి మామూలుగా అప్లై చేసుకోవచ్చు, ఎవరూ కాదనరు. సీటొచ్చాక స్కాలర్‌షిప్ అక్కడికి మార్చమని అడగొచ్చు. నిజంగా ఎంఐటీలో సీటొచ్చే రికార్డు ఉన్న పిల్లలైతే పైనే పెట్టండి, నేను చెప్పేది బంధువులకి చూపించడం కోసం పైన పెట్టేవాళ్ళ గురించి.

ఎయిర్‌ఫోర్స్ పద్ధతి వేరు. అక్కడ స్కాలర్‌షిప్ కాలేజీ పేరు మీద కాకుండా పిల్లల పేరు మీద, చదివే మేజర్ (డిగ్రీలో ప్రధాన సబ్జెక్టు) మీద వస్తుంది, కాబట్టి కాలేజీ విషయంలో కొంత స్వేచ్ఛ ఉంటుంది. అయితే ఏ రకం వచ్చిందన్నదాన్ని బట్టి కాలేజీల జాబితా అంతా తలకిందులు కావచ్చు. టైప్ 1 అయితే ఎక్కడైనా పూర్తి ట్యూషన్ ఫీజు. టైప్ 2 అయితే ఏడాదికి 18,000 డాలర్ల వరకే, మిగతాది మీరే కట్టుకోవాలి. టైప్ 7 అయితే సొంత రాష్ట్రపు ఫీజు వర్తించే ప్రభుత్వ యూనివర్సిటీలోనే చెల్లుతుంది. దాన్ని మూడేళ్ళ టైప్ 2గా మార్చుకోవచ్చు, కానీ అప్పుడు మొదటి ఏడాది ఖర్చంతా మనదే. అందుకని ఎయిర్‌ఫోర్స్‌కి పెట్టేవాళ్ళు మూడు రకాలకీ మూడు వేర్వేరు లెక్కలు ముందే కాగితం మీద వేసుకోండి. ఇంకో సంగతి, ఉద్యోగం మారి పిల్లలు పన్నెండులో ఉండగా డల్లాస్ నుంచి సియాటిల్‌కో, షార్లట్‌కో వెళ్ళిపోయే కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. సొంత రాష్ట్రపు ఫీజు కావాలంటే చాలా రాష్ట్రాలు కనీసం ఏడాది నివాసం అడుగుతాయి. టైప్ 7 చేతిలో పెట్టుకుని ఏ రాష్ట్రానికీ చెందకుండా పోతే చాలా నష్టం. కుదిరితే ఆ మార్పు ఒక ఏడాది వాయిదా వెయ్యండి.

"ఫుల్ స్కాలర్‌షిప్" అనే మాట విని మోసపోకండి. ఫుల్ అంటే ట్యూషన్, తప్పనిసరి ఫీజులు. హాస్టలు, తిండి అందులో లేవు. ఆర్మీ అయితే ట్యూషన్ బదులు హాస్టలు, భోజనం ఖర్చు ఒక పరిమితి వరకు తీసుకోనిస్తుంది, వేరే స్కాలర్‌షిప్‌తో ఫీజు గడిచిపోయే పిల్లలకి ఇది మంచి ఏర్పాటు. దాంతోపాటు ఆర్మీలో పుస్తకాలకి ఏడాదికి 1,200 డాలర్లు, నెలకి 420 డాలర్ల చేతిఖర్చు ఉంటాయి. కొన్ని ప్రైవేటు కాలేజీలు ఆర్‌ఓటీసీ స్కాలర్‌షిప్ తెచ్చుకున్న పిల్లలకి హాస్టలు, భోజనం తామే ఇస్తాయి, ఇది చాలామందికి తెలియదు. ఇలా ఇచ్చే కాలేజీ మీ జాబితాలో మూడోదిగా ఉంటే దాన్ని పైకి తేవడం తెలివైన పని. ఎవరో చెప్పారని నమ్మొద్దు, ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసు నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి, నాలుగేళ్ళకా ఒక్క ఏడాదికా అన్నది కూడా అందులో ఉండేలా చూసుకోండి.

కాలేజీకి సొంత ఆర్‌ఓటీసీ యూనిట్ ఉందా, పక్క కాలేజీకి వెళ్ళి ట్రైనింగ్ తీసుకోవాలా అన్నది జాబితా రాసేముందే చూడండి. దీన్ని క్రాస్‌టౌన్ అంటారు. హార్వర్డ్ పిల్లలు ఎంఐటీకి వెళ్తారు, అది రెడ్ లైన్ ట్రైన్‌లో కాసేపటి ప్రయాణం, పెద్ద బాధ లేదు. అదే రిచర్డ్‌సన్‌లోని యూటీ డల్లాస్ తీసుకోండి, మన పిల్లలు చాలామంది చేరే కాలేజీ. అక్కడ ఎయిర్‌ఫోర్స్ ట్రైనింగ్ కావాలంటే డెంటన్‌లోని నార్త్ టెక్సాస్ యూనివర్సిటీకి వెళ్ళాలి, దాదాపు 35 మైళ్ళు. తెల్లవారుజామున ఆరింటికి పీటీ అంటే నాలుగున్నరకి లేచి కారెక్కాలి, తిరిగొచ్చేసరికి ట్రాఫిక్, పదింటికి కాలిక్యులస్ క్లాసు. కారు, ఇన్సూరెన్స్, పెట్రోలు ఖర్చు ఒకటి, చలికాలంలో చీకట్లో హైవే మీద నిద్రమత్తుతో పద్దెనిమిదేళ్ళ పిల్లలు డ్రైవ్ చెయ్యడం ఇంకొకటి. నాకైతే రెండోదే ఎక్కువ భయం. అలా చేసి నెగ్గేవాళ్ళు ఉన్నారు, కానీ తెలిసి ఎంచుకోవాలి. వారానికి ఎన్నిరోజులు రావాలి, కలిసి వెళ్ళేందుకు అదే కాలేజీ నుంచి ఇంకెవరైనా ఉన్నారా అని యూనిట్‌కి ఫోన్ చేసి అడగండి. ప్రతి యూనిట్‌లో చేర్పుల వ్యవహారం చూసేవాళ్ళు ఒకరుంటారు, మామూలుగా ఓపిగ్గానే జవాబిస్తారు. ఫోన్ పిల్లలే చెయ్యాలి, అమ్మో నాన్నో చేస్తే బాగోదు.

టెక్సాస్ ఏ అండ్ ఎం, వర్జీనియా టెక్, సిటడెల్, వీఎంఐ (వర్జీనియా మిలిటరీ ఇన్‌స్టిట్యూట్), నార్విచ్, నార్త్ జార్జియా యూనివర్సిటీ, ఈ ఆరింటినీ సీనియర్ మిలిటరీ కాలేజీలంటారు. ఏ అండ్ ఎంలోనూ, వర్జీనియా టెక్‌లోనూ ఆర్‌ఓటీసీ స్కాలర్‌షిప్ మీద చేరేవాళ్ళు కోర్ ఆఫ్ క్యాడెట్స్‌లో ఉండాల్సిందే, అంటే యూనిఫాం, ఫార్మేషన్లు, ప్రత్యేక హాస్టలు, మొదటి ఏడాది సీనియర్ల క్రమశిక్షణ. వేరే యూనివర్సిటీలో యూనిఫాం వారానికి ఒకటి రెండు రోజులు వేసుకుని మిగతా రోజులు మామూలు స్టూడెంట్‌లా ఉండొచ్చు. ఒకే స్కాలర్‌షిప్, రెండు వేరే జీవితాలు. కొందరు పిల్లలు క్యాడెట్ జీవితంలోనే బాగా ఎదుగుతారు, కొందరు నలిగిపోతారు, అది వాళ్ళ స్వభావం. క్యాంపస్ చూడ్డానికి వెళ్ళినప్పుడు గైడ్ చూపించే లైబ్రరీతో సరిపెట్టకుండా, క్యాడెట్లతో ఒక పూట గడిపే ఏర్పాటు ఉందేమో అడిగి పిల్లల్ని పంపండి.

మేజర్ విషయంలో నేవీ చాలా పట్టుగా ఉంటుంది. ఇంజనీరింగ్, సైన్స్, లెక్కలు వైపు మేజర్లకే ఎక్కువ స్కాలర్‌షిప్‌లు ఇస్తుంది, ఏ మేజర్ చదివినా నేవీ ఆప్షన్ వాళ్ళు రెండు సెమిస్టర్ల కాలిక్యులస్, రెండు సెమిస్టర్ల ఫిజిక్స్ తప్పకుండా చెయ్యాలి. మెరీన్ ఆప్షన్‌కి ఈ షరతు లేదు. స్కాలర్‌షిప్ కోసం ఇంజనీరింగ్ అని రాసి, చేరాక ఎకనామిక్స్‌కి మారదాం అనే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి. మేజర్ మార్చుకోవడానికి అనుమతి కావాలి, రాకపోతే స్కాలర్‌షిప్పే పోవచ్చు. డాక్టర్ కావాలన్న పిల్లలకి ఇది నేరుగా వెళ్ళే దారి కాదు. డిగ్రీ తర్వాత మెడికల్ స్కూలుకి వెళ్ళనిస్తారన్న హామీ లేదు. మెడికల్ స్కూలులో సీటొచ్చాక హెచ్‌పీఎస్‌పీ అని వేరే మిలిటరీ స్కాలర్‌షిప్ ఉంది, వాళ్ళు దానికోసం ఆగడం మేలు.

చేరాక జీపీఏ (నాలుగుకి లెక్కేసే సగటు మార్కు) కూడా లెక్కలోకి వస్తుంది. ఏ బ్రాంచ్‌లో ఉద్యోగం, పైలట్ అవకాశం ఉందా లేదా అన్నవాటికి పిల్లల్ని వరసలో నిలబెట్టేటప్పుడు మార్కులు చూస్తారు. ఎయిర్‌ఫోర్స్‌లోనైతే స్కాలర్‌షిప్ ఉన్నా రెండో ఏడాదిలో ఫీల్డ్ ట్రైనింగ్‌కి మళ్ళీ పోటీపడి ఎంపిక కావాలి. పేరు గొప్పదని బొటాబొటీగా సీటొచ్చిన ఇంజనీరింగ్ కాలేజీలో చేరి, పీటీకి లేస్తూ, ల్యాబులు చేస్తూ, 2.6 దగ్గర కొట్టుకునే పిల్లలకంటే, కాస్త ఊపిరాడే కాలేజీలో 3.7 తెచ్చుకునేవాళ్ళకి కోరుకున్నది దక్కే అవకాశం ఎక్కువ. ఇది మన ఇళ్ళలో ఒప్పించడం కష్టమైన మాట, అయినా చెప్పక తప్పదు.

ఎర్లీ డెసిషన్ జోలికి వెళ్ళేముందు బాగా ఆలోచించండి. డిసెంబరులో సీటొస్తే చేరి తీరాలి, అప్పటికి స్కాలర్‌షిప్ సంగతి తేలకపోవచ్చు. కట్టుబడి ఉండక్కర్లేని ఎర్లీ యాక్షన్‌తో ఈ ప్రమాదం లేదు.

వైద్య పరీక్ష స్కాలర్‌షిప్‌కి ఎంపిక చేసే బోర్డు తర్వాత ఉంటుంది గానీ కాగితాలు ముందే వెతికి పెట్టుకోండి. పదమూడో పుట్టినరోజు తర్వాత ఆస్తమా అని రాసి ఉంటే అడ్డు. ఎలర్జీ సీజన్‌లో దగ్గొచ్చిందని డాక్టరు ఎందుకైనా మంచిదని ఇన్‌హేలర్ రాసిన కేసులు కూడా ప్రశ్నలకి దారితీస్తాయి. ఏడీహెచ్‌డీ మందులు వాడి ఎంతకాలమైందో కూడా చూస్తారు. దాచడం మాత్రం వద్దు, తర్వాత బయటపడితే ఉద్యోగానికే ముప్పు. వేవర్, అంటే మినహాయింపు, అడగొచ్చు, దానికి నెలలు పడుతుంది.

మనవాళ్ళకి ప్రత్యేకంగా ఒకటుంది. ఆఫీసర్ కావాలంటే సెక్యూరిటీ క్లియరెన్స్ రావాలి, అందుకు ఎస్‌ఎఫ్-86 అనే పొడుగాటి ఫారం నింపాలి. ఇండియాలో పిల్లల పేరు మీద పొలమో, ప్లాటో, బ్యాంకు ఖాతానో ఉంటే రాయాలి, గడిచిన ఏడేళ్ళ విదేశీ ప్రయాణాలు రాయాలి, దగ్గరగా మాట్లాడుతూ ఉండే తాతయ్య, అమ్మమ్మ, పెదనాన్న, బావల వివరాలు రాయాలి. ఉండటం తప్పు కాదు, రాయకపోవడమే తప్పు. తాతయ్య మనవరాలి పేరు మీద తెనాలిలో స్థలం రిజిస్టరు చేయించి ఇంట్లో ఎవరికీ చెప్పకపోవడం మన దగ్గర వింతేం కాదు కాబట్టి ఒకసారి ఫోన్ చేసి అడగండి. ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకి ఇచ్చేది) గురించి కూడా తెలుసుకోండి. విదేశీ సైన్యంలో పనిచేస్తున్నవారికి, రిటైరైనవారికి భారత ప్రభుత్వం ఓసీఐ ఇవ్వదు. కార్డు ఇప్పటికే ఉంటే ఫారంలో చెప్పేసి, ఏం చెయ్యాలో యూనిట్‌లో అడగడం మంచిది. పెళ్ళిళ్ళకి, పెద్దవాళ్ళకి బాగోనప్పుడు ఊరెళ్ళడం ఇకమీదట ముందస్తు అనుమతితో చేసే పని అవుతుందని పిల్లలకీ, ఊళ్ళో ఉన్న పెద్దలకీ ముందే చెప్పండి.

ఇదంతా విని భయపడేవాళ్ళకి ఒక మాట. నాలుగేళ్ళ స్కాలర్‌షిప్ తీసుకున్నవాళ్ళు మొదటి ఏడాది చూసి, రెండో ఏడాది మొదలయ్యేలోపు వద్దనుకుంటే డబ్బు తిరిగి కట్టక్కర్లేకుండా బయటికి రావచ్చు. ఆ గడువు దాటాక మానేస్తే ఖర్చంతా తిరిగి కట్టాలి, లేదా మామూలు సైనికుడిగా పనిచేయించుకోవచ్చు. పూర్తి చేసినవాళ్ళకి మొత్తం ఎనిమిదేళ్ళ బాధ్యత ఉంటుంది, అందులో ఆర్మీలో సాధారణంగా నాలుగేళ్ళు పూర్తికాలం, ఎయిర్‌ఫోర్స్ పైలట్ అయితే ట్రైనింగ్ అయ్యాక పదేళ్ళు.

జాబితా రాసేశాక ఇంటర్వ్యూలో దాని గురించే అడుగుతారు, ఈ కాలేజీ ఎందుకు మొదట పెట్టావని. యూనిట్ గురించి, చదవబోయే డిపార్టుమెంటు గురించి రెండు మాటలు సొంతంగా చెప్పగలగాలి. ఆఫర్ వచ్చిన రోజున సంబరం చేసుకోండి, మర్నాడు మాత్రం కాలేజీల సీట్ల పరిస్థితి చూసి, మార్పు అవసరమని తోస్తే ఆ వారంలోనే యూనిట్‌కి రాయండి, కాలేజీ ఖాయం చేసుకునే గడువు మే 1 దగ్గరపడేకొద్దీ ఖాళీలు తగ్గిపోతాయి.