షాపు ముందు పావురాల గోల: రెట్ట ఎక్కడ పడుతుందో చూడండి

వరంగల్ బీట్ బజార్‌లో, ఎనుమాముల మార్కెట్ యార్డు చుట్టుపక్కల గింజ రాలని రోజుండదు. కాబట్టి పావురాలను ఊళ్లోంచి తరమడం అయ్యే పని కాదు. మన బిల్డింగ్ మీద వాలకుండా చూసుకోవచ్చు, అంతే.

సమస్య: షట్టర్ ముందు రోజూ ఒకే గీతలో రెట్ట

కారణం: సరిగ్గా దాని పైన, సజ్జ అంచు మీదో బోర్డు ఫ్రేమ్ మీదో రాత్రిళ్లు పడుకుంటున్నాయి.

పరిష్కారం: అంచు మీద రేకును 45 డిగ్రీలకు మించిన వాలులో బిగిస్తే కాలు నిలవదు. ముళ్ల పట్టీలు కూడా పనిచేస్తాయి, కానీ సజ్జ వెడల్పంతా పరవాలి. డబ్బులు మిగులుతాయని ఒక్క వరుసే వేస్తే దాని వెనక హాయిగా కూర్చుంటాయి.

సమస్య: ఫ్లెక్స్ బోర్డు వెనక, ఏసీ అవుట్‌డోర్ యూనిట్ కింద పుల్లలు, ఈకలు

కారణం: గూడు పెట్టాయి. ఇక్కడ ముళ్లు దండగ, వాటి మధ్యే పుల్లలు ఇరికించి గూడు ఇంకా గట్టిగా కట్టుకుంటాయి.

పరిష్కారం: వల. అయితే ముందు లోపల చూడండి. పావురం మామూలుగా రెండు గుడ్లు పెడుతుంది. అవి 18 రోజులకు అటూఇటూగా పిల్లలవుతాయి, ఎగరడానికి ఇంకో నెల పడుతుంది. పిల్లలుండగానే మూసేస్తే లోపలే చచ్చి కంపు, పురుగులు. పాపం సంగతి సరే, గిరాకీ కూడా పోతుంది. అవి ఎగిరిపోయాకే శుభ్రం చేసి మూయండి. పావురాలకు 50 మిల్లీమీటర్ల కన్ను వల చాలు. పిచ్చుకలూ దూరుతుంటే 20 లోపు కావాలి. మన ఎండలకు పొడి కాని రకం అడగండి. చుట్టూ స్టీలు తీగ లాగి బిగించాలి, వదులుగా ఉంటే పక్షులు చిక్కుకుంటాయి. ఏసీ మెకానిక్ చెయ్యి పెట్టడానికి ఒక పక్క తెరుచుకునేలా ఉంచమనండి. ఇది మరిచిపోతే మొదటి సర్వీసింగ్‌కే వల కోసేస్తారు.

సమస్య: గుడ్లగూబ బొమ్మ పెట్టినా భయం లేదు

కారణం: కదలని బొమ్మకు కొద్ది రోజుల్లోనే అలవాటు పడతాయి. అల్ట్రాసోనిక్ మెషీన్ అంతకంటే దండగ. మనకే వినపడని ఆ శబ్దం పావురాలకూ వినపడదు.

సమస్య: అన్నీ బిగించినా పొద్దున్నే గుంపు

కారణం: ఎవరో జొన్నలు చల్లుతున్నారు, లేదా మన గోడౌన్ ఊడ్చిన గింజలే రోడ్డు మీద పడుతున్నాయి.

పరిష్కారం: మన చెత్త సులువే, సంచిలో కట్టేయాలి. పుణ్యానికి వేసేవాళ్లతోనే చిక్కు, కొట్లాడితే రెట్టింపు వేస్తారు. రెట్టతో పాడైన బియ్యం బస్తా చూపించి, "అన్నా, మీ గింజలకు మా సరుకు పోతుంది" అని మెల్లగా చెప్పండి. వరుసలోని షాపులన్నీ కలిసి వల వేయించుకుంటే ఇంకా మంచిది, పరంజా ఖర్చు పంచుకోవచ్చు. ఒక్కరే వేయిస్తే గుంపు పక్క షాపు మీదికి మారుతుంది.

రెట్టను పొడిగా ఊడవకండి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. నీళ్లు చల్లి నానబెట్టి, మాస్క్, గ్లౌజులు వేసుకొని తీయాలి. ఆస్తమా ఉన్నవాళ్లకు ఈ పని చెప్పొద్దు. టెర్రస్ మీద నీళ్లు పోయే పైపు నోరు కూడా అప్పుడే చూసుకోండి, ఈకలు అడ్డుపడితే వానాకాలంలో స్లాబు నానుతుంది.