బోటులో జనరేటర్ వేడెక్కి పొగ వస్తే ముందు నీళ్ల దారి వెతకండి

నేను చెన్నై కాసిమేడు రేవులో బోటు ఇంజిన్లు బాగుచేసే మెకానిక్‌ని. మాది నెల్లూరు జిల్లా తీరం. ఇక్కడి బోట్లలో పనిచేసే డ్రైవర్లు, కళాసీల్లో శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. జనరేటర్‌తో వచ్చే పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది, రేవులో మాట తమిళంలో నడుస్తుంది. "అన్నా, జనరేటర్ వేడెక్కిపోతోంది, పొగ వస్తోంది" అని ఫోన్ చేసినవాళ్లకి నేను చెప్పే మాటలన్నీ ఒకచోట ఉంటే మంచిదని రాస్తున్నాను. ఇందులో ఎక్కువ భాగం సముద్రపు నీళ్లతో చల్లబడే డీజిల్ జనరేటర్ల గురించే.

పొగ కనిపించగానే లోడ్ కట్ చేయండి, అంటే జనరేటర్ బ్రేకర్ దించేయండి. వెంటనే సైలెన్సర్ పైపు బయటికి వచ్చే చోటు చూడండి, ఇంజిన్‌ని చల్లబరిచిన సముద్రపు నీళ్లు పొగతో పాటు అక్కడే బయట పడతాయి. నీళ్లు దండిగా పడుతుంటే, లోడ్ లేకుండా రెండు మూడు నిమిషాలు తిరగనిచ్చి ఆపవచ్చు. అలా చేస్తే హెడ్‌లో, అంటే సిలిండర్ల పైమూతలో, నిలిచిన వేడి కొంత బయటికి పోతుంది. నీళ్లు పడకపోయినా, చుక్కలు చుక్కలుగా పడుతున్నా, ఇంజిన్ గదిలోనే పొగ నిండుతున్నా ఒక్క క్షణం ఆలోచించకుండా ఆపేయండి. స్టాప్ బటన్ పనిచేయకపోతే స్టాప్ లివర్ లాగండి, లేదా డీజిల్ వాల్వు కట్టేయండి.

ఇంజిన్ గది మూత ఒక్కసారిగా ఎత్తకండి. మూత మీద చేతి వెనుక వైపు ఆనించి చూడండి. కాలుతుంటే లోపల మంట ఉండొచ్చు, తెరిస్తే గాలి తగిలి మంట పైకి లేస్తుంది. గాలి ఫ్యాన్ ఆపి, మంటలార్పే సిలిండర్ చేతిలో పట్టుకున్నాకే మూత కొంచెం ఎత్తి చూడాలి. ఈలోపు కింద పడుకున్నవాళ్లందరినీ పైకి లేపండి. సైలెన్సర్ పైపు ఎక్కడైనా పగిలితే ఆ పొగతో పాటు కార్బన్ మోనాక్సైడ్ కూడా బోటు లోపలికి వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్న మనిషికి మెలకువ కూడా రాదు. జనరేటర్ సంగతి తర్వాత, ముందు మనుషులు గాల్లోకి రావాలి.

వస్తున్నది పొగో ఆవిరో కూడా గమనించండి. ఆవిరి తెల్లగా వచ్చి గాల్లో కాస్త దూరం పోగానే కరిగిపోతుంది. అది కనిపిస్తే సైలెన్సర్‌లోకి నీళ్లు సరిగా చేరడం లేదని అనుమానించాలి. కళ్లు మండించే తెల్లపొగ, నీళ్ల మీద నూనె తెట్టు కనిపిస్తే డీజిల్ సరిగా మండడం లేదు, డీజిల్ చిమ్మే నాజిల్ చూడాలి. నల్లపొగ లోడ్ ఎక్కువైతేనో గాలి తక్కువైతేనో వస్తుంది. నీలం పొగ ఆయిల్ కాలుతుంటే వస్తుంది. రబ్బరు కాలిన వాసన ఉంటే బెల్టు, ఇంపెల్లర్ (సముద్రపు నీళ్ల పంపులో తిరిగే రబ్బరు రెక్కల చక్రం), సైలెన్సర్ హోస్ పైపు, ఈ మూడూ చూడండి.

ఇక అసలు పని. మా దగ్గరికి వేడెక్కి వచ్చే జనరేటర్లలో చాలావాటికి ఇంజిన్‌లో ఏ జబ్బూ ఉండదు. దానికి చల్లటి నీళ్లు అందలేదు, అంతే. అయినా చాలామంది ముందు హెడ్ విప్పేస్తారు. అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. నీళ్లు సముద్రంలోంచి ఎక్కి మళ్లీ సముద్రంలో పడేదాకా వెళ్లే దారిని వరసగా చూసుకుంటూ పోతే సమస్య ఎక్కడో ఒకచోట దొరుకుతుంది.

మొదలు బోటు అడుగున. నీళ్లు లాగే రంధ్రానికి ప్లాస్టిక్ కవర్ అతుక్కుంటే పంపు ఏమీ చేయలేదు. మన రేవు దగ్గర ఇది మామూలే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలకి కూవం, అడయారు నదులు పొంగినప్పుడు చెత్త, గుర్రపుడెక్క అంతా సముద్రంలోకి వస్తుంది. జెల్లీ చేపలు కూడా అడ్డుపడతాయి. ఆ రంధ్రం మీది అడుగు వాల్వు కట్టి, హోస్ పైపు ఊడదీసి, చేతిలో చెక్క బిరడా సిద్ధంగా పెట్టుకుని, వాల్వు మెల్లగా తిప్పండి. నీళ్లు బలంగా ఎగదన్నాలి. నీరసంగా వస్తే అడ్డం అక్కడే ఉంది. గుల్లలు పెరిగి రంధ్రం సన్నబడి ఉంటే బోటు గట్టెక్కించినప్పుడు గీకాల్సిందే.

తర్వాత స్ట్రెయినర్, అంటే నీళ్లలోని చెత్తని పట్టే జాలీ బుట్ట. బుట్ట కడగడం అందరికీ తెలుసు కానీ మూత రబ్బరు ఎవరూ చూడరు. ఆ రబ్బరు చీలితే పంపు నీళ్లకి బదులు గాలి పీలుస్తుంది. బయటికి చుక్క నీరు కారదు కాబట్టి అక్కడ తప్పుందని తెలియదు. గాజు మూత ఉంటే లోపల బుడగలు కనిపిస్తాయి. పంపుకి నీళ్లు తెచ్చే హోస్ పైపు పాతబడి మెత్తబడినా ఇదే తంటా. ఆగి ఉన్నప్పుడు గుండ్రంగానే ఉంటుంది, తిరిగేటప్పుడు లోపలికి పీల్చుకుపోయి దారి మూసుకుంటుంది. అందుకే అక్కడ తీగ చుట్టు ఉన్న గట్టి పైపు వేయాలి.

ఇప్పుడు సముద్రపు నీళ్ల పంపు. లోపల రబ్బరు ఇంపెల్లర్ ఉంటుంది. నీళ్లు లేకుండా తిరిగితే నిమిషం రెండు నిమిషాల్లోనే దాని రెక్కలు కాలి విరిగిపోతాయి. అడుగు వాల్వు కట్టి మూత తీయండి. రెక్కల్ని వేలితో వంచి చూడండి, మొదట్లో చీలిక కనబడినా మార్చేయండి. కొత్తది ఎక్కించేటప్పుడు గ్రీజు, ఇంజిన్ ఆయిల్ పూయకండి. గ్లిజరిన్ గానీ సబ్బు నీళ్లు గానీ చాలు. పంపు మూతకి లోపలి వైపు గాట్లు పడి ఉంటే నీటి పీడనం పోతుంది. రెండో వైపు నున్నగా ఉంటే తిరగేసి బిగించవచ్చు.

2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను తర్వాత ఎన్నూరు క్రీక్‌లో నల్లటి చమురు తెట్టు కట్టింది. ఆ వైపు వలలు వేసేవాళ్లు పడిన కష్టం అంతా ఇంతా కాదు. అలాంటి చమురు నీళ్లలో మామూలు నియోప్రీన్ ఇంపెల్లర్ ఉబ్బిపోతుంది. చమురుకి తట్టుకునే నైట్రైల్ రబ్బరు ఇంపెల్లర్లు వేరే దొరుకుతాయి. అవసరం వస్తే అడిగి కొనుక్కోండి.

రెక్కలు విరిగి ఉంటే కొత్త ఇంపెల్లర్ వేసి ఊరుకోవద్దు. పాతదాని ముక్కలన్నీ ఏరి, పక్కపక్కన పేర్చి, రెక్కలు పూర్తిగా వచ్చాయో లేదో చూడండి. ఒక్క ముక్క తగ్గినా అది పంపు దాటి ముందుకు పోయి కూలర్ (సన్నటి గొట్టాల్లో పోయే సముద్రపు నీళ్లతో ఇంజిన్ లోపల తిరిగే మంచినీళ్లని చల్లబరిచే భాగం) మొహం దగ్గర కూర్చుని ఉంటుంది. ఒక బోటువాళ్లు రెండుసార్లు కొత్త ఇంపెల్లర్ వేయించినా జనరేటర్ అరగంటకే ఆగిపోతోందని నా దగ్గరికి వచ్చారు. కూలర్ మూత విప్పితే గొట్టాల నోళ్ల దగ్గర రబ్బరు ముక్కలు, వాటి చుట్టూ జింకు పెచ్చులు, ఉప్పు గట్టిపడి ఉన్నాయి. అవి తీసేశాక ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. సముద్రపు నీళ్లు బంగాళాఖాతంలో ఏడాదిలో చాలాకాలం 28, 30 డిగ్రీల దాకా ఉంటాయి. వచ్చే నీళ్లే వెచ్చగా ఉన్నప్పుడు కూలర్‌లో నాలుగు గొట్టాలు మూసుకున్నా ఇంజిన్ తట్టుకోలేదు.

కూలర్ గొట్టాలు రాగి కలిసిన లోహంతో చేసినవి, పల్చగా ఉంటాయి. ఇనుప ఊచ పెట్టి పొడవకండి. సన్నటి చెక్క పుల్లతోనో ఇత్తడి కడ్డీతోనో ఒక్కో గొట్టం మెల్లగా తోయండి. ఉప్పు పొర పోవాలంటే వెనిగర్‌లో రాత్రంతా నానబెట్టి మంచినీళ్లతో కడగండి. ఘాటు యాసిడ్ పోస్తే తొందరగా తెల్లబడుతుంది నిజమే, దాంతో పాటు లోహం కూడా పోతుంది. కూలర్ లోహానికి బదులు తను కరిగిపోయి దాన్ని కాపాడే జింకు కడ్డీ సగానికి పైగా కరిగి ఉంటే మార్చండి.

చివర సైలెన్సర్ ఎల్బో, అంటే వంపు పైపు. వేడి పొగలో సముద్రపు నీళ్లు కలిసే చోటు ఇదే. ఉప్పు, మసి కలిసి లోపల గట్టిపడి, నీళ్లు వచ్చే రంధ్రాన్ని కొద్దికొద్దిగా మూసేస్తాయి. బయట రంగు మాడి పెచ్చులూడినా, తుప్పు చారలు కనబడినా విప్పి చూడాల్సిందే. నీళ్లు కలిశాక ఉండే రబ్బరు పైపు మీద చేయి ఆనించగలగాలి. చేయి పెట్టలేనంత వేడిగా ఉందంటే నీళ్లు చాలడం లేదు. కాలిపోయిన పైపుని టేపు చుట్టి వాడకండి, దానిలోంచే ఇందాక చెప్పిన విషవాయువు లోపలికి వస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఆగిన జనరేటర్‌ని మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొట్టకండి. ఇంజిన్ అంటుకోకపోయినా పంపు తిరుగుతూనే ఉంటుంది, నీళ్లని సైలెన్సర్‌లోకి తోస్తూనే ఉంటుంది. వాటిని బయటికి నెట్టే పొగ లేదు కాబట్టి సైలెన్సర్ నిండి, నీళ్లు వెనక్కి సిలిండర్‌లోకి వస్తాయి. అలా కనెక్టింగ్ రాడ్లు వంగిపోయిన ఇంజిన్లు ఉన్నాయి. ఎక్కువసార్లు సెల్ఫ్ కొట్టాల్సి వస్తే అడుగు వాల్వు కట్టేసి కొట్టండి, అంటుకున్న క్షణంలో తెరవండి. తెరిచే పనికి ఒక మనిషిని అక్కడే నిలబెట్టాలి.

సముద్రపు నీళ్లు సరిగానే పడుతున్నా వేడెక్కుతుంటే అప్పుడు లోపలి మంచినీళ్ల వైపు రండి. ఇంజిన్ పూర్తిగా చల్లారేదాకా ఆ నీళ్ల ట్యాంకు క్యాప్ ముట్టుకోవద్దు, వేడి మీద తీస్తే మొహం కాలుతుంది. కాలుతున్న ఇంజిన్‌లో చల్లనీళ్లు పోస్తే హెడ్ పగులుతుంది. కూలెంట్ (ట్యాంకులోని చల్లబరిచే ద్రవం) మట్టం, క్యాప్ రబ్బరు, బెల్టు బిగువు చూడండి. బెల్టుని మధ్యలో బొటనవేలితో నొక్కితే సుమారు 10 మిల్లీమీటర్లు దిగాలి. వేడికి తెరుచుకునే వాల్వు అయిన థర్మోస్టాట్‌ని గిన్నెలో నీళ్లలో వేసి మరిగించండి, నీళ్లు తెర్లకముందే తెరుచుకోవాలి. తిరుగుతున్నప్పుడు ట్యాంకులో బుడగలు ఆగకుండా వస్తున్నా, ఆయిల్ పుల్ల పాలు కలిపిన టీ రంగులో ఉన్నా నడపకండి. హెడ్ గాస్కెట్ (హెడ్ కింది సీలు) పోయినట్టు గానీ ఎక్కడో ఆయిల్‌లో నీళ్లు కలిసినట్టు గానీ అనుకోవాలి. అది ఒడ్డుకు వచ్చాక చేసే పని.

నల్లపొగ వస్తుంటే లోడ్ లెక్క వేయండి. ప్లేటు మీద 5 కేవీఏ, పవర్ ఫ్యాక్టర్ 0.8 అని ఉంటే, రెండూ గుణిస్తే అది ఇచ్చేది 4 కిలోవాట్లే. పంపు మోటార్లు స్టార్ట్ అయ్యే క్షణంలో ఐదారు రెట్ల కరెంటు లాగుతాయి. అందుకే ఒకదాని తర్వాత ఒకటి వేయాలి. గాలి ఫిల్టర్ మాత్రమే కాదు, ఇంజిన్ గదికి గాలి వచ్చే కిటికీ కూడా చూడండి. అక్కడ వల చుట్టలు, తాళ్లు కుక్కి పెట్టిన బోట్లు ఎన్నో. నీలం పొగ అయితే ముందు ఆయిల్ ఎక్కువ పోశారేమో చూసుకోండి.

పొగ ఇంజిన్ దగ్గర కాక కరెంటు తీసే వెనుక భాగంలోంచి, వార్నిష్ మాడిన వాసనతో వస్తే కాయిల్ (రాగి తీగ చుట్ట, అంటే వైండింగ్) కాలుతోంది. బ్రేకర్ దించి ఇంజిన్ ఆపండి, నీళ్లు చల్లకండి. డ్రై పౌడర్ గానీ కార్బన్ డయాక్సైడ్ గానీ వాడాలి. మూసిన గదిలో కార్బన్ డయాక్సైడ్ కొడితే మనిషికీ ఊపిరి ఆడదు, కొట్టి బయటికి వచ్చేయండి. ఆ జనరేటర్‌ని వైండింగ్ పరీక్ష చేయించకుండా మళ్లీ తిప్పకూడదు.

వేడికి తనంతట తనే ఆగిపోతోందని సెన్సర్ వైరు మార్చి, ఆగకుండా నడిపించేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి, ఎవరైనా చేస్తానన్నా ఒప్పుకోకండి. సముద్రం మధ్యలో కరెంటు లేకపోతే టెన్షన్‌గానే ఉంటుంది, నాకు తెలుసు. టార్చ్‌లైట్‌తో ఆ రాత్రి గడుస్తుంది. బోటులో మంట లేస్తే దూకడానికి నీళ్లు తప్ప ఏమీ ఉండవు.

బాగుచేశాక లోడ్ లేకుండా ఐదు నిమిషాలు, సగం లోడ్‌తో అరగంట నడిపి చూడండి. సైలెన్సర్ నీళ్లని బకెట్‌లో పట్టి, నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో ఇంజిన్ గది గోడ మీద పెయింట్‌తో రాయండి. తర్వాత ఎప్పుడైనా బకెట్ ఆలస్యంగా నిండితే వేడెక్కకముందే తెలిసిపోతుంది.

మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. బోటు ఆగి ఉన్న ఆ 61 రోజులూ ఇంపెల్లర్‌ని పంపులోనే వదిలేస్తే రెక్కలు ఒకవైపే వంగి అలాగే బిగుసుకుపోతాయి. నిషేధం మొదలవగానే తీసి పక్కన పెట్టి, "ఇంపెల్లర్ లేదు" అని అట్ట మీద రాసి తాళంచెవికి కట్టండి. జూన్‌లో కొత్తది వేయండి. పాతదాంట్లో బాగున్నది ఉంటే బోటులోనే ఉంచుకోండి. దానితో పాటు పంపు మూత గాస్కెట్, ఒక బెల్టు, నాలుగు హోస్ క్లిప్పులు, స్ట్రెయినర్ రబ్బరు, రెండు లీటర్ల కూలెంట్ ఒక డబ్బాలో పెట్టి, ఆ డబ్బా ఎక్కడ ఉందో కళాసీలందరికీ చూపించండి.