చెప్పినా పని జరగనప్పుడు: సూపర్‌వైజర్లకు సమస్య - పరిష్కారం

"వాడికి శ్రద్ధ లేదు", "ఆమెకు యాటిట్యూడ్ ఎక్కువ", "వీళ్లకు బాధ్యత తెలియదు". ప్యాకింగ్ సెక్షన్‌లో అయినా బ్యాంకు బ్రాంచిలో అయినా, పని సరిగ్గా సాగనప్పుడు ముందు వినిపించే మాటలివే. వీటితో ఏదీ బాగుపడదు. శ్రద్ధను కొలవలేం, విప్పి సరిచేయలేం. డీఎస్సీకి చదివినవాళ్లకు మనస్తత్వవేత్త స్కిన్నర్ పేరు, ఆయన కార్యసాధక నిబంధనం (ఒక పని మళ్లీ చేస్తామా లేదా అన్నది, చేశాక దక్కిన ఫలితాన్ని బట్టి ఉంటుందనే సూత్రం) గుర్తుండే ఉంటాయి. ఆ సూత్రాన్ని పనిచోటికి తెస్తే అడగాల్సిన ప్రశ్నలు మూడు: చేయాల్సిన పని ఏది? దానికి ముందు ఏం జరిగింది? చేశాక ఆ మనిషికి ఏం దక్కింది? మూడో ప్రశ్న మనం దాదాపు ఎప్పుడూ అడగం. చిక్కు ఎక్కువగా ఉండేది అక్కడే.

ముందుగా లెక్క

ఫిర్యాదును కంటికి కనిపించే పనిగా మార్చండి. "శ్రద్ధ లేదు" అనకుండా "షిఫ్టు మారేటప్పుడు లాగ్‌బుక్‌లో బాయిలర్ ప్రెషర్ రాయడం లేదు" అనండి. ఎన్నిసార్లు రాయాలి, ఎన్నిసార్లు రాశారు అని ఒక వారం లెక్కపెట్టండి. అంచనాలను నమ్మొద్దు. ఎమరీ ఎయిర్ ఫ్రైట్ అనే అమెరికా సరుకు రవాణా కంపెనీ కథ 1970ల మొదట్లోనే పేరుపొందింది. చిన్న పార్సిళ్లను పెద్ద కంటైనర్లలో కలిపి పంపితే ఖర్చు తగ్గుతుంది. నూటికి 90 సార్లు అలాగే పంపుతున్నామని అక్కడివాళ్ల నమ్మకం. ఆ కంపెనీ అధికారి ఎడ్వర్డ్ ఫీనీ లెక్క తీయిస్తే తేలింది 45. సిబ్బందే తమ పనిని చెక్‌లిస్టులో గుర్తు పెట్టుకునేలా చేసి, మెరుగుపడినప్పుడల్లా మెచ్చుకుంటూ వస్తే అది 95కి చేరింది.

లక్షణం: ట్రైనింగ్ అయింది, పని మారలేదు

చేయడం రాకపోవచ్చు, వచ్చినా చేయకపోవచ్చు. ఏదో తేల్చుకోవడం తేలికే. పక్కన నిలబడి "ఒకసారి చేసి చూపించండి" అని అడగండి. తడుముకోకుండా చేస్తే మళ్లీ ట్రైనింగ్ పెట్టడం దండగ. అడ్డు ఇంకెక్కడుందో చూడండి. స్కానర్‌లో ఛార్జింగ్ నిలుస్తోందా? ఫారం ఇంగ్లీషులో ఉంటే నింపేవాళ్లు చదవగలుగుతున్నారా? పనితీరుపై పరిశోధించిన థామస్ గిల్బర్ట్ 1978లో చెప్పిన క్రమం కూడా ఇదే. సమాచారం, పనికరాలు, ప్రతిఫలం ముందు చూడాలి. మనిషి నైపుణ్యం, సామర్థ్యం, ఆసక్తి జోలికి ఆ తర్వాతే వెళ్లాలి.

లక్షణం: చెప్పిన రెండు రోజులు చేస్తారు, తర్వాత మామూలే

సేఫ్టీ గాగుల్స్ తీసుకోండి. పెట్టుకుంటే చెమటకు మసకబారతాయి. ఆ ఇబ్బంది ఇప్పుడే, ప్రతిసారీ ఉంటుంది. పెట్టుకోకపోతే కంటికి దెబ్బ ఎప్పుడో తగలొచ్చు, తగలకపోనూవచ్చు. వెంటనే, తప్పకుండా వచ్చే ఫలితం ముందు ఎప్పుడో రాబోయేది నిలవదు. పోస్టరు, మీటింగు, వాట్సాప్ మెసేజీ అన్నీ పనికి ముందు వచ్చేవే. అవి పని మొదలుపెట్టించగలవు, నిలబెట్టలేవు.

మొదట మసకబారని గాగుల్స్ కొనండి. ఈ ఖర్చు తప్పించుకుని మిగతావన్నీ చేసే యాజమాన్యాలు చాలా ఉన్నాయి. ఆ తర్వాత, సరిగ్గా చేసినప్పుడు వెంటనే ఏదో ఒకటి దక్కేలా చూడండి. మనస్తత్వవేత్త జుడిత్ కొమాకీ బృందం 1978లో ప్రచురించిన అధ్యయనం అమెరికాలోని ఒక బేకరీ ఫ్యాక్టరీలో జరిగింది. సురక్షితంగా చేసిన పనుల శాతాన్ని గ్రాఫుగా గోడకు పెట్టారు, సూపర్‌వైజర్లు ఫలానా పని బాగా చేశారని పేర్కొంటూ మెచ్చుకున్నారు. ఒక విభాగంలో శాతం 70 నుంచి దాదాపు 96కి, ఇంకోదాంట్లో 78 నుంచి 99కి పెరిగింది. ఆపేశాక మళ్లీ మొదటికే వచ్చింది. అందుకే దీన్ని వారోత్సవంగా చేయకండి, సూపర్‌వైజర్ రోజువారీ డ్యూటీలో చేర్చండి.

లక్షణం: బాగా చేసే మనిషి నెమ్మదించారు

మన ఆఫీసుల్లో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదేనని నా అభిప్రాయం. త్వరగా ముగించినవాళ్ల బల్ల మీదకే పక్కవాళ్ల ఫైళ్లు వస్తాయి. "మీరైతే చక్కగా చేస్తారు, ఈ రెండూ కూడా చూసిపెట్టండి" అంటారు. నెమ్మదిగా చేసేవాళ్లు అయిదున్నరకు బస్సెక్కుతారు, ఈ మనిషి ఎనిమిదింటిదాకా కూర్చుంటారు. మాట మంచిదే అయినా, జరిగింది శిక్ష. కొన్ని నెలలకు ఆ మనిషీ నెమ్మదిస్తారు. అప్పుడు పైవాళ్లు "మునుపటిలా లేరు" అని మెమో ఇస్తారు.

అదనపు పనిని వంతులవారీగా పంచండి. ముందే ముగించినవాళ్లకు మిగిలిన సమయం వాళ్లదే కానివ్వండి, లేదా తర్వాతి పని ఎంచుకునే వీలివ్వండి. ఏది ప్రతిఫలమో మీరే ఊహించుకోకుండా వాళ్లనే అడగండి. వార్షికోత్సవంలో శాలువా కప్పితే ఒకరికి పండగ, ఇంకొకరికి పదిమందిలో నిలబడటమే నరకం.

లక్షణం: కేకలేస్తేనే కదులుతారు

కేక వేశాక పని కదులుతుంది కాబట్టి కేకలేసే అలవాటు మీలో బలపడుతుంది. పని కదలగానే కేక ఆగుతుంది, మీరు లేనప్పుడు కేకే ఉండదు కాబట్టి, మీరు ఉన్నంతసేపే చేయడం వాళ్లలో బలపడుతుంది. ఫలితం వల్ల ఒక అలవాటు ఇలా బలపడటాన్నే పుస్తకాల్లో పునర్బలనం అంటారు, ఇక్కడ రెండువైపులా జరుగుతోంది. తప్పు జరగనప్పుడు కూడా సెక్షన్‌లోకి వెళ్లండి. సరిగ్గా చేస్తున్న పనిని చూసి, ఆ పని పేరెత్తి చెప్పండి.

లక్షణం: ఇన్సెంటివ్ పెట్టాక లెక్క పెరిగింది, పని చెడింది

డబ్బు దేనికిస్తే అదే పెరుగుతుంది. ప్రమాదాలు లేని నెలకు బోనస్ ఇస్తే గాయాలు దాచేస్తారు. ఫలితానికి కాకుండా, దానికి దారితీసే పనికి ఇవ్వండి. రిపోర్టు చేసినవాళ్లను మెచ్చుకోండి.

ఇద్దరి పని ఒకరి మీద ఉన్నచోట, జీతం తేదీకి పడనిచోట ఇవేవీ చేయకండి. అక్కడ మెచ్చుకోలు అవమానమే అవుతుంది. దేన్ని, ఎందుకు లెక్కపెడుతున్నారో కూడా పనివాళ్లకు ముందే చెప్పి, ఆ కాగితం వాళ్లకు చూపించండి.

నిజంగా పనిచేసిందా?

బేకరీలో చేసినట్టే ఒక సెక్షన్‌లో ముందు, రెండో దాంట్లో కొన్ని వారాల తర్వాత మొదలుపెట్టండి. లెక్క మాత్రం రెండుచోట్లా మొదటినుంచీ నడవాలి. పద్ధతి మొదలైనప్పుడే ఏ సెక్షన్‌కా సెక్షన్‌లో మార్పు కనిపిస్తే అది దాని ఫలితమే అనుకోవచ్చు. రెండూ ఒకేసారి పెరిగితే కారణం వేరే ఎక్కడో ఉంది. కొత్త మేనేజరో, దగ్గరపడిన ఆడిటో, పండగ బోనసో కావచ్చు. అప్పుడు మళ్లీ మూడు ప్రశ్నల దగ్గరికి వెళ్లండి.