పంచదార లేని గోధుమ బ్రెడ్

విశాఖ ఉక్కకు పిండి ఇట్టే పొంగుతుంది, అందుకే చల్లటి నీళ్లే పోస్తాను. పొట్టుతో మర పట్టించిన గోధుమపిండి 300 గ్రాములు, అవిసె గింజల పొడి రెండు చెంచాలు, ఇన్‌స్టంట్ ఈస్ట్ 5 గ్రాములు, ఉప్పు చెంచాడు, నీళ్లు సుమారు 240 మిల్లీలీటర్లు. పంచదార అక్కర్లేదు, ఈస్ట్‌కు పిండిలో ఉన్నదే చాలు. ముద్ద వేళ్లకు కాస్త అంటుకోవాలి. చపాతీ పిండిలా బిగిస్తే బ్రెడ్ పొంగదు. ఒకటిన్నర రెట్లు కాగానే నూనె రాసిన టిన్నులోకి మార్చి, అంచు దాకా లేచాక 200 డిగ్రీల వేడిలో 40 నిమిషాలు కాల్చండి. అడుగున తడితే డొల్లగా మోగాలి. పూర్తిగా చల్లారాకే కోయండి.

గోధుమదైనా ఇది గ్లూకోజును పెంచుతుంది, మొహమాటం లేదు. నేను రెండు పలుచని ముక్కలే, ఉడికించిన గుడ్డుతో తిని, రెండు గంటల తర్వాత గ్లూకోమీటర్‌లో చూసుకుంటాను. మిగిలినవి ఫ్రీజర్‌లోకి; ఈ ఊళ్లో బయట ఉంచితే బూజే.