టీనేజ్ గర్భిణులతో బరువు గురించి ఫోన్‌లో మాట్లాడటం ఎలా

ఆ అమ్మాయికి 17 ఏళ్లు, ఐదో నెల. చెకప్ అయిన సాయంత్రం నేను పంపిన మెసేజ్ ఇది: "ఈసారి 200 గ్రాములే పెరిగావు, బాగా తినాలి." మూడు వారాలు జవాబు లేదు. తర్వాత ఎదురుపడినప్పుడు, "అది చూస్తే పరీక్షలో మార్కులు తక్కువొచ్చినట్టు అనిపించింది అక్కా, అందుకే మళ్లీ ఫోన్ తీయలేదు" అంది. నేను చెప్పిన అంకె తప్పు కాదు. కానీ ఆ అంకె వల్ల ఆమె తినడం పెరగలేదు సరికదా, నాతో మాట్లాడటం కూడా మానేసింది. నర్సులు, కౌన్సెలర్లు, పోషకాహార నిపుణులు, ఇలాంటి అమ్మాయిలకు ఫోన్‌లో తోడుగా ఉండేవాళ్లు ఎవరైనా సరే, ఆ రోజు నుంచి నేను మార్చుకున్నవి మీకూ పనికొస్తాయని రాస్తున్నాను.

ముందు అంకెలు మీకు తెలిసి ఉండాలి. అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2009లో ఇచ్చిన లెక్క ప్రకారం, గర్భానికి ముందు బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే లెక్క) 18.5 కంటే తక్కువ ఉంటే మొత్తం 12.5 నుంచి 18 కిలోలు, 18.5–24.9 మధ్య ఉంటే 11.5 నుంచి 16, 25–29.9 అయితే 7 నుంచి 11.5, 30 దాటితే 5 నుంచి 9 కిలోలు పెరగడం మంచిది. మొదటి మూడు నెలల్లో అర కిలో నుంచి 2 కిలోలు చాలు. ఆ తర్వాత మామూలు బరువున్నవాళ్లు వారానికి దాదాపు 400 గ్రాముల చొప్పున పెరుగుతారు. టీనేజర్ల విషయంలో ఒక చిక్కుంది, వాళ్ల ఒళ్లు ఇంకా ఎదుగుతూనే ఉంటుంది, అందుకే తిన్నది తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ సరిపోవాలి. ఈ వయసులో రక్తహీనత, నెలలు నిండకుండా కాన్పు, తక్కువ బరువుతో బిడ్డ పుట్టడం ఎక్కువ. పెద్దవాళ్ల బీఎంఐ పట్టికలో "తక్కువ బరువు" అని పడే పిల్ల, తన వయసు చార్టులో మామూలుగానే ఉండొచ్చు. కాబట్టి ఎంత పెరగాలన్నది ఆమెను చూసే డాక్టర్ తేల్చాలి, మెసేజ్‌లో మీరు కాదు.

ఇక ఫోన్ సంగతి. మొదటి మెసేజ్ పంపకముందే ఎదురుగా కూర్చుని అడగండి: ఈ ఫోన్ నీదేనా, ఇంకెవరైనా చూస్తారా, స్క్రీన్ లాక్ అయి ఉన్నా మెసేజ్ కనిపిస్తుందా? గర్భం సంగతి ఇంట్లో ఇంకా తెలియని అమ్మాయిలు ఉంటారు, తెలిసినా ఆమె ఫోన్ వేరొకరి చేతిలో ఉండొచ్చు. పంపేవాళ్ల పేరులో, మొదటి వాక్యంలో "గర్భం" అన్న మాట రాకుండా చూడండి. ఇద్దరికే తెలిసిన ఒక మాట పెట్టుకోండి, అది వస్తేనే అసలు సంగతి మాట్లాడుకోవాలి. ఆమె చెప్పినవాటిలో మీరు రహస్యంగా ఉంచలేనివి ఏమిటో, అంటే ఆమెను ఎవరైనా హింసించడం, ప్రాణానికి ముప్పు ఉండటం లాంటివి, ముందే చెప్పేయండి. తర్వాత తెలిస్తే నమ్మకద్రోహం అనుకుంటుంది. ఏ క్షణమైనా "ఆపు" అని పంపితే మెసేజ్‌లు ఆగిపోవాలి.

ఎస్సెమ్మెస్ పంపేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక మెసేజ్‌కు 160 పడితే, మన లిపిలో 70 మాత్రమే పడతాయి, గుణింతం గుర్తులూ ఒత్తులూ కూడా విడిగా లెక్కలోకొస్తాయి. "పెద్ద" అనే రెండక్షరాల మాట 5 తినేస్తుంది. అందుకని ఒక మెసేజ్‌లో ఒకే సంగతి. నేను ఎక్కువగా పంపేది ఇది:

"ఈ రోజు పొద్దున ఏమైనా తిన్నావా? తింటే 1, లేదంటే 2 పంపు."

70 లోపే సరిపోతుంది, క్లాసులో కూర్చున్నా, బస్సులో ఉన్నా ఒక్క వేలితో జవాబివ్వొచ్చు. బరువు మాటే లేదు చూడండి. అడిగింది ఆమె రోజు గురించి, అదీ ఆమె చేతిలో ఉన్న పని గురించి.

అసలు పని 2 వచ్చినప్పుడే మొదలవుతుంది. అక్కడ ఆటోమేటిక్ సలహా పంపొద్దు, మనిషి జవాబివ్వాలి. "ఎందుకు తినలేదు?" అని కాకుండా "పొద్దున కడుపులో తిప్పుతోందా, టైం దొరకలేదా, ఇంట్లో ఏమీ లేదా?" అని అడిగితే చెప్పేస్తారు. వికారమైతే కొంచెం కొంచెం ఎక్కువసార్లు తినమనండి, లేవగానే పొడిగా ఉన్నదేదైనా నాలుగు ముద్దలు. టైం లేకపోతే బ్యాగులో పెట్టుకునేది ఏదో ఇద్దరూ కలిసి ఆలోచించండి. ఇంట్లో ఏమీ లేదంటే మాత్రం ప్రొటీన్ గురించి ఇంకో మెసేజ్ పంపకండి, చాలా బాధ పెడుతుంది. ఫోన్ చేయండి, తిండి సాయం ఎక్కడ దొరుకుతుందో కనుక్కుని అక్కడివాళ్లతో మీరే మాట్లాడండి. వంటింట్లో ఆమె మాట చెల్లకపోతే, ఆమె ఒప్పుకున్నాకే, వండేవాళ్లతో మాట్లాడండి.

కంచం ఫొటో పంపమంటే చాలామంది ఇష్టంగా పంపుతారు. ఆ ఫొటోకు మార్కులు వేయకండి. ఉన్నదాన్ని మెచ్చుకుని, ఒక్కటి కలపమనండి, "గుడ్డు బాగుంది, ఒక పండు కూడా దొరుకుతుందా?" అన్నట్టు. ఐరన్ మాత్ర గురించి కూడా ఇలాగే. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 30–60 మిల్లీగ్రాముల ఐరన్, 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకోమంటుంది, కానీ మలబద్ధకం వచ్చిందనో, మలం నల్లగా అయిందనో భయపడి చెప్పకుండా మానేస్తారు. నల్లబడటం మామూలేనని ముందే ఒక మెసేజ్ వెళ్తే ఆ భయం ఉండదు.

ఒళ్లు మారుతుంటే ఈ వయసు పిల్లలకు ఎంత టెన్షనో మనం తక్కువ అంచనా వేస్తాం. పెరిగిన బరువంతా కొవ్వు కాదని నేను వాయిస్ మెసేజ్‌లో నెమ్మదిగా చెబుతాను: నెలలు నిండేసరికి బిడ్డే దాదాపు 3 కిలోలు ఉంటుంది, మాయ, ఉమ్మనీరు, పెరిగిన గర్భసంచి, అదనంగా ఊరిన రక్తం, అన్నీ కలిసి ఆ బరువు. రోజూ ఇంట్లో బరువు చూసుకోమనకండి, చెకప్‌లో ఒకే మిషన్ మీద చూస్తే చాలు. గ్రూప్ పెడితే అందులో బరువులు, పొట్ట ఫొటోలు పోల్చుకోకూడదని మొదటి రోజే చెప్పండి. తిన్నాక వాంతి చేసుకుంటున్నా, లావవుతానని భోజనాలు మానేస్తున్నా, అది మెసేజ్‌లతో తేలే విషయం కాదు, వెంటనే డాక్టర్‌కి, మానసిక నిపుణులకి చూపించాలి.

ఉన్నట్టుండి బరువు పెరిగితే తిండి వల్లే అనుకోవద్దు. 20 వారాలు దాటాక ముఖం, చేతులు వాచి, తలనొప్పి, కళ్లముందు మెరుపులు ఉంటే ప్రీఎక్లాంప్సియా (గర్భంలో బీపీ పెరిగి ప్రమాదం తెచ్చే జబ్బు) కావొచ్చు. అలాంటప్పుడు, రక్తస్రావం, బిడ్డ కదలిక తగ్గడం, నీళ్లు కూడా కడుపులో నిలవకపోవడం ఉన్నప్పుడు, మెసేజ్ పెట్టి ఎదురుచూడకుండా ఆస్పత్రికి వెళ్లాలని మొదటి రోజే నేర్పండి. రాత్రిళ్లు మీరు ఫోన్ చూడరు, ఆ సంగతి కూడా దాచకుండా చెప్పి, ఎమర్జెన్సీ నంబర్ ఆమె చేతే సేవ్ చేయించండి.

దక్షిణాఫ్రికాలో 2014లో ప్రభుత్వ ఆరోగ్య శాఖ మొదలుపెట్టిన మామ్‌కనెక్ట్‌లో గర్భిణులు ఫోన్‌తో రిజిస్టర్ అయితే నెలలకు తగిన మెసేజ్‌లు వస్తాయి, తిరిగి ప్రశ్న అడగొచ్చు, ఫిర్యాదూ చేయొచ్చు. ఆ "తిరిగి అడగొచ్చు" అన్నదే నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపిస్తుంది.

ఇంకొక్కటి, దీన్ని చాలామంది మర్చిపోతారు. గర్భం నిలవని అమ్మాయికి కూడా, సిస్టమ్‌లో ఎవరూ మార్చకపోతే, "ఈ వారం నీ బిడ్డ చేతులు కదుపుతోంది" అని మెసేజ్ వెళ్లిపోతూనే ఉంటుంది. కబురు తెలిసిన రోజే ఆమె పేరు ఆపేసే బాధ్యత ఒక మనిషికి, పేరు పెట్టి, అప్పగించండి. ఆపేశాక అదే మనిషి ఆమెకు ఫోన్ చేయాలి.