పాస్‌పోర్టు పోయింది, ఎంబసీ కాగితమూ ఇచ్చింది, అయినా విమానం ఎక్కనివ్వలేదు: ఎక్కడ తేడా కొట్టింది?

విదేశంలో పాస్‌పోర్టు పోతే ఎంబసీకి వెళ్లాలని అందరికీ తెలుసు. వెళ్లేముందు ఏం చేతిలో పెట్టుకోవాలో, అక్కణ్ణుంచి బయటికొచ్చాక ఇంకే ఆఫీసు మెట్లెక్కాలో మాత్రం చూసుకోరు. ఇది భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ల కోసం. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డుతో (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చేది) తిరిగేవాళ్లకు దిక్కు అమెరికా ఎంబసీయే, మనది కాదు.

సమస్య: ఫోన్ చేస్తే "ఇది మేం చూడం" అంటున్నారు

ఎక్కువసార్లు తప్పు ఆఫీసుకు చేసి ఉంటారు. దుబాయ్, షార్జా, అజ్మాన్, రస్ అల్ ఖైమా వాళ్లది దుబాయ్ కాన్సులేట్. అబుదాబీ, అల్ ఐన్ వాళ్లది అబుదాబీ ఎంబసీ. సౌదీలో జెడ్డా, మక్కా, మదీనా, అభా వైపు ఉంటే జెడ్డా కాన్సులేట్. రియాద్, దమ్మామ్ వైపైతే రియాద్ ఎంబసీ. అమెరికాలో రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, డల్లాస్ వాళ్లు హ్యూస్టన్‌కు వెళ్లాలి. యూరప్ టూర్‌లో వీసా ఫ్రాన్స్ ఇచ్చినా పాస్‌పోర్టు రోమ్‌లో పోతే, వెళ్లాల్సింది ఇటలీలోని భారత మిషన్‌కే (మిషన్ అంటే ఎంబసీ లేదా కాన్సులేట్).

ఆఫీసు సరైనదే అయితే, మీరడిగే పని వాళ్లది కాకపోవచ్చు. హోటల్ డిపాజిట్ గొడవ, ట్యాక్సీ మోసం, తప్పిపోయిన లగేజీ, రద్దయిన విమానం: వీటిలో ఎంబసీ చేసేదేమీ లేదు. ప్రాణం మీదికొస్తే ముందు అక్కడి అత్యవసర నంబరు: యూరప్‌లో 112, అమెరికాలో 911. థాయిలాండ్‌లో టూరిస్టు పోలీసులు 1155లో దొరుకుతారు, ఇంగ్లీషులో మాట్లాడతారు. ఎంబసీకి పోవాల్సినవి పాస్‌పోర్టు పోవడం, అరెస్టు, మరణం, పెద్ద ప్రమాదం, యజమాని చెరలో చిక్కుకోవడం, యుద్ధమో భూకంపమో వచ్చి ఇరుక్కుపోవడం.

ఎంబసీ వాళ్లు రాత్రిపూట ఎత్తే ఎమర్జెన్సీ నంబరు కూడా వీటికే. దానికి ఫోన్ చేసి "రేపు ఎన్నింటికి తెరుస్తారు" అని అడగొద్దు. ఆ సంగతి వెబ్‌సైట్‌లో ఉంటుంది. మన సెలవుల్లో కొన్నీ, ఆ దేశపు సెలవుల్లో కొన్నీ ఎంబసీకి వర్తిస్తాయి, ముందే చూసుకోండి.

సమస్య: కౌంటర్ దాకా వెళ్లి వట్టి చేతులతో తిరిగొచ్చారు

కారణం: పోలీసు రిపోర్టు లేదు. ఇంతకన్నా చెప్పడానికేం లేదు, అయినా సగంమంది ఇది లేకుండానే క్యూలో నిలబడతారు. రిపోర్టులో మీ పూర్తి పేరు, పాత పాస్‌పోర్టు నంబరు, పోయిన తేదీ, స్థలం ఉండాలి. నంబరు గుర్తులేదా? విమాన టికెట్టు బుకింగ్‌లో, ఈ-వీసా పీడీఎఫ్‌లో వెతకండి. అక్కడా లేకపోతే హోటల్ రిసెప్షన్‌లో అడగండి. చెకిన్ అప్పుడు తీసిన జిరాక్సు వాళ్ల ఫైల్లో ఉంటుంది.

దరఖాస్తు, తెల్ల బ్యాక్‌గ్రౌండ్ ఫొటోలు (సైజు ఆ మిషన్ వెబ్‌సైట్ చెప్పినట్టే), భారతీయులమని చూపే ఏదో ఒక గుర్తింపు, ఫీజు పట్టుకెళ్లండి. ఇప్పుడు ఎంపిక మీది. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లకు ఎమర్జెన్సీ సర్టిఫికెట్ చాలు, గల్ఫ్‌లో మనవాళ్లు ఔట్‌పాస్ అనేది దాన్నే. అది ఒక్కసారి, ఒక్కవైపు, ఇండియాకి మాత్రమే పనికొస్తుంది. అక్కడే చదువుతున్నవాళ్లు, ఉద్యోగం చేస్తున్నవాళ్లు తొందరపడి దాన్ని తీసుకోవద్దు, కొత్త పాస్‌పోర్టుకే పెట్టుకోండి.

సమస్య: సర్టిఫికెట్ చేతిలో ఉంది, ఎయిర్‌పోర్టులో ఇమిగ్రేషన్ వాళ్లు ఆపేశారు

అసలు దెబ్బ ఇక్కడే తగులుతుంది. కాగితం చేతికి రాగానే పని అయిపోయిందనుకుని మర్నాటి పొద్దున విమానానికి టికెట్టు కొనేస్తారు. ఆ కాగితం చెప్పేది ఒక్కటే: ఈ మనిషి భారతీయుడు, వస్తే మేం రానిస్తాం అని. అతణ్ణి తమ దేశం నుంచి బయటికి పంపాలా వద్దా అన్నది ఆ దేశం చూసుకుంటుంది. వాళ్ల కంప్యూటర్లో మీరు పాత పాస్‌పోర్టు నంబరు మీద లోపలికొచ్చారు. ఇప్పుడు చూపించే కొత్త కాగితం మీద ఎంట్రీ ముద్రే లేదు. కౌంటర్లో కూర్చున్నవాడి కంటికి మీరు ఎప్పుడొచ్చారో, ఎన్నాళ్లు ఉండొచ్చో తెలియని మనిషి.

థాయిలాండ్ సంగతే తీసుకోండి. పాస్‌పోర్టు పేజీ మీద కొట్టే ముద్రలో రెండు తేదీలుంటాయి, ఒకటి వచ్చిన రోజు, రెండోది ఉండటానికి ఆఖరి రోజు. పాస్‌పోర్టుతోపాటు ఆ ముద్రా పోయింది. కాబట్టి ఎంబసీ నుంచి నేరుగా ఇమిగ్రేషన్ ఆఫీసుకు వెళ్లి (బ్యాంకాక్‌లో అయితే చేంగ్ వత్తన) పోలీసు రిపోర్టు, సర్టిఫికెట్, ఎంబసీ ఉత్తరం ఇచ్చి, పాత ఎంట్రీ వివరాలు కొత్త కాగితం మీదికి ఎక్కించుకోవాలి. శని, ఆదివారాలు ఆ ఆఫీసు ఉండదు. శుక్రవారం మధ్యాహ్నం ఎంబసీలో పని ముగిస్తే సోమవారం దాకా కదల్లేరు. ఈలోగా గడువు దాటితే రోజుకు 500 బాత్ జరిమానా, గరిష్ఠంగా 20,000. 2025 మే 1 నుంచి ఆన్‌లైన్లో నింపే డిజిటల్ అరైవల్ కార్డు తాలూకు ఈమెయిలు ఉంటే వచ్చిన తేదీ చూపించడం తేలికవుతుంది. ఆ ముద్ర ఉన్న పేజీకి దిగిన రోజే ఫొటో తీసుకున్నవాళ్లకు ఇంకా తేలిక. మొదటి పేజీకి అందరూ తీస్తారు, ముద్ర పేజీకి ఎవరూ తీయరు.

మలేసియాలో ఇదే పనికి ఇమిగ్రేషన్ నుంచి స్పెషల్ పాస్ తీసుకోవాలి. వియత్నాంలో ఎగ్జిట్ వీసా కావాలి, దానికి కొన్ని పనిదినాలు పడుతుంది. గల్ఫ్ దేశాల్లోనూ బయటికెళ్లే అనుమతి అక్కడి ఇమిగ్రేషన్ నుంచే రావాలి.

వరస ఇది: పోలీసు, ఎంబసీ, ఆ దేశపు ఇమిగ్రేషన్, ఆ తర్వాతే టికెట్టు. పాత టికెట్టే ఉంటే తేదీ మార్పించుకుని, పాస్‌పోర్టు నంబరు ఉన్న చోట సర్టిఫికెట్ నంబరు వేయించండి. వీలైతే నేరుగా ఇండియాకొచ్చే విమానమే ఎక్కండి. మధ్యలో ఇంకో దేశంలో దిగితే, అక్కడి వాళ్లు ఈ కాగితాన్ని ఒప్పుకోకపోతే, బోర్డింగ్ దగ్గరే ఎయిర్‌లైన్ నిలిపేస్తుంది.

దీనికి తోడు ఇంకో మెలిక. ఎంబసీలో పోయిందని రాసిచ్చిన రెండోరోజు పాస్‌పోర్టు సూట్‌కేసు లైనింగ్‌లో దొరుకుతుంది. అమ్మయ్య అనుకుని దాంతోనే బయల్దేరతారు. పోయిందని నమోదైతే ఆ నంబరు రద్దయినట్టే. ఎక్కడ స్కాన్ చేసినా పట్టుబడుతుంది. దాన్ని తీసుకెళ్లి ఎంబసీకే అప్పగించండి.

సమస్య: పాస్‌పోర్టు పోలేదు, యజమాని దగ్గరుంది

పోయిందని పోలీసులకు రాసివ్వొద్దు, అది తప్పుడు ఫిర్యాదవుతుంది. కఫీల్ (మిమ్మల్ని పనికి తెచ్చుకున్న యజమాని) దగ్గరుందని ఎంబసీలోని కార్మిక విభాగంలో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. సౌదీలో అయితే అంతకుముందు మీ మీద హురూబ్ పడిందేమో చూసుకోండి. పనిలోంచి పారిపోయాడని కఫీల్ రాసేస్తే, ఔట్‌పాస్ ఉన్నా ఎగ్జిట్ రాదు. అకామా (సౌదీ నివాస కార్డు) నంబరుతో అక్కడి కార్మికశాఖ వెబ్‌సైట్‌లో స్థితి తెలుస్తుంది. పడి ఉంటే ఎంబసీలో పేరు నమోదు చేయించుకుని వాళ్ల ద్వారానే సౌదీ అధికారుల దగ్గరికి వెళ్లాలి. ఎగ్జిట్ ఇప్పిస్తానని డబ్బడిగే ఏజెంటు ఎంత చెప్పినా నమ్మకండి. ఇక్కడ కరీంనగర్‌లోనో కడపలోనో ఉన్న ఇంటివాళ్లు విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. పాస్‌పోర్టు జిరాక్సు, కంపెనీ పేరు, ఫోన్ నంబరు జతచేస్తే ఫైలు కదులుతుంది.

సమస్య: అరెస్టయ్యారు, ఎంబసీ నుంచి ఎవరూ రాలేదు

వాళ్లకు తెలిసి ఉండదు. 1963 వియన్నా కాన్సులర్ ఒప్పందం 36వ అధికరణ ప్రకారం, మీరు అడిగితే పోలీసులు ఆలస్యం లేకుండా కాన్సులేట్‌కు చెప్పాలి. "ఇండియన్ కాన్సులేట్" అని నోరు తెరిచి అడగాలి. వాళ్లొచ్చి కలుస్తారు, లాయర్ల జాబితా ఇస్తారు, ఇంటికి కబురు చేస్తారు. బెయిలు ఇప్పించరు, జరిమానా కట్టరు.

ఇక మిగిలిన సంగతులు. అమెరికాలో చదువుకునేవాళ్లకు కొత్త పాస్‌పోర్టు వచ్చినా అందులో వీసా ఉండదు. ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు రికార్డు), ఐ-20 (కాలేజీ ఇచ్చే పత్రం) సరిగ్గా ఉన్నంతకాలం అక్కడ ఉండటానికి ఇబ్బంది లేదు. కానీ ఇండియాకొస్తే తిరిగి వెళ్లడానికి మళ్లీ వీసా స్టాంపింగ్ కావాలి. అమెరికాలో ఉండి దాన్ని తెచ్చుకోలేరు.

మీరున్న దేశంలో బ్యాంకు అప్పు మీద ట్రావెల్ బ్యాన్ (దేశం దాటొద్దన్న ఆంక్ష) ఉంటే ఆ దేశపు లాయరుతో తేల్చుకోవాలి. మన మిషనే లేని దేశమైతే పక్క దేశంలోని మిషన్ చూస్తుంది, విదేశాంగ శాఖ వెబ్‌సైట్‌లో అది ఏ మిషనో తెలుస్తుంది.

ఇండియాకొచ్చాక కొత్త పాస్‌పోర్టుకు 'ఫ్రెష్' అని పెట్టకండి, 'రీ-ఇష్యూ' అని పెట్టి కారణం దగ్గర పోయిందని రాయండి. పోలీసు రిపోర్టు కాపీ, ఎమర్జెన్సీ సర్టిఫికెట్ కాపీ జతచేయండి. పాత నంబరు దాచి ఫ్రెష్ అంటే ఫైలు ఆగిపోతుంది.