పిల్లనగ్రోవి పాఠాలు – 7: ఒక్క వేణువు, మూడు శ్రుతులు

పోయిన పాఠంలో మోహన రాగం ఆరోహణ, అవరోహణ సాధన చేశాం. ఈసారి అదే మోహనాన్ని, అదే వేణువు మీద, వేరే శ్రుతుల్లో, అంటే 'సా'ను వేరే ఎత్తుల్లో పెట్టుకుని, వాయిద్దాం.

ఇంట్లో ఒక్కరమే వాయించుకున్నంత కాలం ఈ గొడవ లేదు. ఎంగిలిపూల బతుకమ్మ నాడు హన్మకొండలో ఏ వాడకట్టుకైనా పోయి చూడండి. పాట ఎత్తుకునే అక్క హార్మోనియం చూసి ఎత్తుకోదు, ఆమె గొంతు ఎక్కడ పలికితే అదే శ్రుతి. "అక్కా, నా ఫ్లూటు ఐదు శ్రుతిది, జరంత దించి పాడవా" అంటే ఆట ఆగుతుందా? మనమే ఆమె దగ్గరికి పోవాలి.

మన చేతిలో ఉన్నది ఆరు రంధ్రాల, ఐదు శ్రుతి వేణువు అనుకుందాం. అంటే దాని 'సా' పాశ్చాత్య స్వరం 'జి'. ముందు దాన్ని సరిచూసుకోండి: మన దగ్గర పై మూడు రంధ్రాలు మూస్తే పలికే 'సా'ని బట్టి పేరు పెడతారు, పాశ్చాత్యులు అన్నీ మూస్తే వచ్చే స్వరాన్ని బట్టి పెడతారు. మన జి వేణువునే వాళ్లు 'డి' అంటారు. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు మోసపోయేది ఇక్కడే. వేణువును కాసేపు ఊది వెచ్చబడనిచ్చాకే ట్యూనర్ పెట్టండి. డిసెంబరు చలిలో అప్పుడే తీసి ఊదితే శ్రుతి తగ్గి పలుకుతుంది.

కింది అంకెలు నోటి వైపు నుంచి ఎన్ని రంధ్రాలు మూయాలో చెబుతాయి. వరుస: సా రి గ ప ద, పై సా.

ఐదు శ్రుతి: 3 2 1 6 5 3
రెండు శ్రుతి: 6 5 4 2 1 6
ఆరు శ్రుతి: 2 1 0 5 4 2

మూడింటిలో ఎక్కడా సగం మూత లేదు. వేళ్లకు ఇబ్బంది లేదు, చిక్కంతా ఊపిరితోనే. ఐదులో 'గ' నుంచి 'ప'కి పోయేటప్పుడు గాలి బిగించడం (అదే మూతతో పై స్థాయి స్వరం పలికించడం) అలవాటైంది కదా, రెండులో ఆ బిగింపు 'ద' దాటాక, పై 'సా' దగ్గర రావాలి. వేళ్లు సరిగ్గానే ఉన్నా పెదవులు పాత లెక్కలో 'ప' దగ్గరే బిగుసుకుని స్వరాన్ని పై స్థాయికి ఎగరగొడతాయి. అందుకే మొదట వేళ్ల సంగతి పక్కన పెట్టి, 'ప ద సా' మూడే మెల్లగా ఊదండి. ఆరు శ్రుతిలో 'గ'కి అన్నీ తెరవాలి, వేణువు జారకుండా బొటనవేళ్లు, కుడి చిటికెన వేలు ఆసరా ఇవ్వాలి.

తంబూరా యాప్‌లో శ్రుతి మార్చడం మరచిపోవద్దు. పాత 'సా' వెనక మోగుతుంటే చెవి అక్కడికే లాగుతుంది.

రెండు శ్రుతిలో ఒక లోటుంది. 'సా'యే ఆ వేణువులో అట్టడుగు స్వరం కాబట్టి మంద్రంలోకి, అంటే కింది స్థాయిలోకి, దిగే పాటలు కుదరవు. బతుకమ్మ పాటల్లో చాలావరకు 'సా' కిందికి దిగవు కనుక దీన్ని నేను ధైర్యంగా వాడతాను.

అక్క ఐదుకూ ఆరుకూ నడుమ, ఐదున్నర శ్రుతిలో పాడితే? ఈ వేణువు మీద మోహనంలోని ఐదు స్వరాలూ సగం మూతలే. దానితో కుస్తీ పట్టొద్దు, ఇంకో వేణువు కొనుక్కోండి.

ఈ వారం రోజూ మూడు వరుసలూ వాయించండి, రెండు శ్రుతికి ఎక్కువ సమయం ఇవ్వండి. వచ్చే పాఠంలో ఆరు శ్రుతిలో శంకరాభరణం. దాని నిషాదానికి ('ని'కి) మూడో రంధ్రం సగం మూయాలి.